ఏ వేరు, ఎన్ని గ్రాములు: చైనా మూలికా మందులపై ఒక ఫార్మసిస్టు మాట

చైనా సంప్రదాయ వైద్యం నిజంగా పనిచేస్తుందా అని ఊరి నుంచి ఫోన్ చేసే బంధువులు, ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగు మిత్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. సింగపూర్‌లో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తున్నాను కనుక ఒక్క ముక్కలో తేల్చిచెబుతానని వారి ఆశ. ఆ ప్రశ్నకు ఆ రూపంలో జవాబు లేదని నా అభిప్రాయం. రెండు వేల ఏళ్లుగా పోగుపడుతూ వచ్చిన వేలాది మందులను ఒకే మాటతో మెచ్చుకోవడమూ, ఒకే మాటతో కొట్టిపారేయడమూ రెండూ సోమరితనమే. ఏ వేరు, దానిని ఎలా శుద్ధి చేశారు, ఎన్ని గ్రాములు, దేనితో కలిపి, ఎవరికి ఇచ్చారు అని విడివిడిగా అడిగినప్పుడే మాట ముందుకు సాగుతుంది. అందుకే వాడుకలో ఎక్కువగా కనిపించే కొన్ని మందులను తీసుకుని ఆ ప్రశ్నలే వేసి చూస్తాను.

ముందు దుకాణం సంగతి. పాత తరహా చైనా మందుల దుకాణంలో ఒక గోడ మొత్తం చిన్న చిన్న చెక్క సొరుగులే ఉంటాయి. ఒక్కొక్క సొరుగులో రెండు మూడు అరలు, ఒక్కొక్క అరలో ఒక మూలిక. వైద్యుడు రాసిచ్చిన చీటీని బల్ల మీద పెట్టి, దుకాణదారుడు ఎన్ని పూటల మందు కావాలో అన్ని కాగితాలు వరుసగా పరుస్తాడు. కంసాలి తూకంలా ఒకే పళ్లెం, గీతలు పెట్టిన సన్నని కోల ఉన్న చేతి త్రాసుతో ఒక మూలిక మొత్తాన్ని ఒకేసారి తూచి, ఆ కాగితాల మీద కంటి అంచనాతో సమానంగా పంచుతాడు. గింజల్లాంటివి ఉంటే ఇత్తడి రోట్లో నాలుగు దెబ్బలు దంచి వేస్తాడు. పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు చెప్పే జాగ్రత్తలు మన ఇళ్లలో పెద్దవాళ్లు కషాయం గురించి చెప్పేవాటికి చాలా దగ్గరగా ఉంటాయి: అరగంట చల్లటి నీళ్లలో నానబెట్టాలి, మట్టిపాత్రలో కాచాలి, ఇనుప గిన్నె పనికిరాదు, పొంగు వచ్చాక మంట తగ్గించాలి, వడకట్టాక మళ్లీ నీళ్లు పోసి రెండోసారి కాచి, రెండు కషాయాలనూ కలిపి పొద్దునా సాయంత్రమూ తాగాలి. గవ్వలు, ఖనిజాలు ఉంటే వాటిని అన్నిటికంటే ముందు వేసి ఎక్కువసేపు మరిగించాలి. పుదీనాలాంటి ఘాటు ఆకులను చివరి ఐదు నిమిషాల్లో వేయాలి, లేకపోతే వాటిలోని తైలం ఆవిరైపోతుంది. ఇప్పుడు చాలామంది ఈ శ్రమ పడలేక, ముందే కాచి ఎండబెట్టిన గుళికల పొట్లాలను వేడినీళ్లలో కలుపుకుని తాగేస్తున్నారు.

ఒక్క మూలికనే ఇవ్వడం ఈ వైద్యంలో అరుదు. యోగంలో, అంటే మందుల కలయికలో, ఒక మందు రాజు, ఒకటి మంత్రి, ఒకటి సహాయకుడు, ఒకటి దూత అని వాళ్లు లెక్క కడతారు. అసలు రోగం మీదకు పోయేది రాజు. దానికి బలమిచ్చేది మంత్రి. దాని దుడుకుతనాన్ని తగ్గించేది సహాయకుడు. అన్నిటినీ సర్దుబాటు చేసి చేర్చవలసిన చోటికి చేర్చేది దూత. ఈ పద్ధతిని చూపడానికి క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిపెట్టిన గ్వీజీ కషాయం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. జలుబు, చలి, కొద్దిగా చెమటతో మొదలయ్యే జ్వరానికి చెప్పిన యోగమిది. దాల్చిన చెట్టు లేత కొమ్మలు, తెల్ల పియోనీ వేరు, పచ్చి అల్లం మూడేసి పాళ్లు, అతిమధురం రెండు పాళ్లు, ఎండు రేగుపండ్లు పన్నెండు. ఏడు కొలతల నీళ్లు మూడు కొలతలకు దిగేదాకా సన్నని మంట మీద కాచాలి. పియోనీ తప్ప ఇందులో తెలుగింటి వంటగదికి కొత్తదేమీ లేదు.

ఆ యోగం కింద ఆయన రాసిన సూచనలు నాకు మందుకంటే ఎక్కువ ఆసక్తి కలిగించాయి. కషాయం గోరువెచ్చగా ఒక కొలత తాగాక, కాసేపటికి వేడివేడి పలుచని బియ్యపు గంజి తాగాలి. దుప్పటి కప్పుకుని సుమారు రెండు గంటలు పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమట పట్టాలే కానీ నీళ్లలా కారకూడదు. చెమట పట్టి తేలిక అనిపిస్తే మిగిలిన మందు మానేయాలి. పచ్చివి, చల్లనివి, జిగురుగా ఉండేవి, మాంసం, కల్లు సారాయి వంటివి, పాల పదార్థాలు, ఘాటైనవి ఆ రోజుల్లో తినకూడదు. మన పథ్యానికీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. ఇలాంటి మామూలు జలుబుకు విశ్రాంతి, వేడి గంజి, దుప్పటి చేసే మేలు ఎంత, దాల్చినకొమ్మ చేసే మేలు ఎంత అని విడదీయడం కష్టం. అయినా మందు ఎప్పుడు ఆపాలో కూడా స్పష్టంగా రాసిన ఆ వైద్యుడి మీద నాకు గౌరవం ఉంది. నేటి మందుల చీటీల్లోనే ఆ ఒక్క వాక్యం చాలాసార్లు కనిపించదు.

ఈ యోగంలోని అతిమధురం చైనా వైద్యంలో అన్నిటికంటే ఎక్కువ వాడే మూలికల్లో ఒకటి. వాళ్లు దీనిని గాన్‌చావ్ అంటారు. కొన్నిసార్లు తేనెలో వేయించి వాడతారు. ఎక్కువగా దూత పాత్రలోనే, రెండు నుంచి పది గ్రాముల మధ్య వేస్తారు. గొంతు గరగరకు మన ఇళ్లలోనూ పుల్ల నోట్లో పెట్టుకుని చప్పరిస్తాం కనుక దీనికి ఎవరూ భయపడరు. అయితే దీనిలోని గ్లిసిరైజిన్ అనే పదార్థం మూత్రపిండంలో కార్టిసాల్ అనే హార్మోనును నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. దానివల్ల శరీరం ఉప్పును పట్టి ఉంచుకుంటుంది, పొటాషియంను వదిలేస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. రోజుల తరబడి ఎక్కువ మోతాదులో తీసుకున్నవారికి కండరాల నీరసం, కాళ్ల వాపు రావచ్చు. బీపీ మందులతో పాటు నీరు పోయే మాత్రలు వాడుతున్నవారికి పొటాషియం మరింత పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల జలుబు మందులో ఉన్న కాస్త అతిమధురంతో సాధారణంగా పేచీ ఉండదు. నెలల తరబడి సాగే బలం మందుల్లో ఉన్నదానితోనే నాకు పేచీ.

గ్వీజీ కషాయానికి అన్నలాంటిది మాహ్వాంగ్ కషాయం. చెమట అసలు పట్టకుండా, ఒళ్లు నొప్పులతో, ఆయాసంతో వచ్చే జ్వరానికి ఇది. మాహ్వాంగ్ అంటే ఎఫిడ్రా అనే పొద. ఆకులు ఉన్నాయా లేవా అన్నట్టు కణుపు కణుపులుగా పెరిగే ఆకుపచ్చ పుల్లలు. పాత పద్ధతిలో కణుపులు తీసేసి, మిగతా మూలికలకంటే ముందుగా ఈ పుల్లలను మరిగించి, పైకి తేలిన నురుగును తీసిపారేయాలి. తరువాతే దాల్చినకొమ్మ, చేదు ఆప్రికాట్ పప్పు, అతిమధురం వేయాలి. ఈ మొక్క పుల్ల చెమట పట్టిస్తుందని, వేరు చెమటను ఆపుతుందని వాళ్లు రెండింటినీ రెండు వేరువేరు మందులుగా సొరుగుల్లో ఉంచుతారు. జపాన్ శాస్త్రవేత్త నాగయ్ నాగయోషి 1885లో దీని నుంచి ఎఫిడ్రిన్‌ను వేరుచేశాడు. 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో చెన్, ష్మిట్ అనే ఇద్దరు దాని ప్రభావాలను వివరంగా ప్రచురించాక, అది ప్రపంచమంతటా ఉబ్బసానికి మందుగా పాకింది. అంటే ఆయాసానికి మాహ్వాంగ్ ఇచ్చిన వైద్యుల పరిశీలన సరైనదే. అదే మొక్కను అమెరికాలో బరువు తగ్గించే మాత్రలుగా, వ్యాయామానికి ముందు వేసుకునే శక్తి మాత్రలుగా అమ్మడం మొదలుపెట్టాక గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు నమోదయ్యాయి. 2004లో అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించింది. జ్వరం వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు, చెమట పట్టగానే ఆపేయమని చెప్పిన మందును ఆరోగ్యవంతులు నెలల తరబడి వేసుకుంటే జరిగేది అదే.

మందుకూ తిండికీ మధ్య ఉండే సరుకు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నింగ్‌షియా ప్రాంతపు ఎర్రని గోజీ పండ్లు, ఎండు రేగుపండ్లు, గ్వాంగ్‌డాంగ్‌లోని షిన్‌హ్వీలో ఏళ్ల తరబడి నిల్వ చేసే కమలాతొక్క, చామంతిపూల పానీయం, ఇవన్నీ చైనీయుల ఇళ్లలో చారులోనూ టీలోనూ పడుతూనే ఉంటాయి. ఏది వేడి చేస్తుంది, ఏది చలువ చేస్తుంది అనే లెక్క మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మామిడిపండ్లు తిని వేడి చేసిందని మజ్జిగ తాగేవాళ్లం కనుక, వేపుళ్లు తిన్న మరునాడు చామంతి టీ తాగే సింగపూర్ సహోద్యోగుల తర్కం నాకు మొదటిరోజే అర్థమైంది. మన కరక్కాయ కూడా అక్కడ హెజీ పేరుతో ఒక సొరుగులో ఉంటుంది. మన దేశం వైపు నుంచి పూర్వం వర్తకంలో వెళ్లిన సరుకది. ఎడతెగని విరేచనాలకూ, బొంగురుపోయిన గొంతుకూ వాళ్లు దానిని వాడతారు.

జిన్‌సెంగ్‌కు ఉన్న కీర్తి దాని పనికంటే పెద్దది. చైనా ఈశాన్యంలోని చాంగ్‌బై కొండల అడవి వేరు దొరకడం అరుదు కనుక దాని ధరకు అంతు ఉండదు. అంగళ్లలో కనిపించేదంతా దాదాపు సాగుచేసినదే. అమెరికాలో పెరిగే మరో జాతి వేరును 1784లోనే ఓడలో నింపి చైనా రేవు కాంటన్‌కు తెచ్చి అమ్మారు. నీరసం తగ్గుతుందని చాలామంది చెబుతారు; ఆధారాలు మాత్రం పలుచగా ఉన్నాయి. నా ఉద్యోగరీత్యా నేను పట్టించుకునేది మరొకటి ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవారిలో అమెరికన్ జిన్‌సెంగ్ ఆ మాత్ర ప్రభావాన్ని తగ్గించగలదు. స్త్రీల ఆరోగ్యానికి ఇచ్చే దాంగ్‌గ్వీ, గుండెకు మంచిదని ఇచ్చే దాన్‌షెన్ అదే మాత్ర ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలవు. గుండె కవాటం మార్పించుకున్న మనిషికి మనుమరాలు ప్రేమగా చేసి పెట్టిన మూలికల చారు వల్ల రక్తపరీక్ష అంకెలు తారుమారు కావడం అసాధారణమేమీ కాదు.

తెలుగువాళ్లకు బాగా దగ్గరగా వచ్చిన చైనా మందు చింగ్‌హావ్. మలేరియాను దోమ మోసుకుపోతుందని రోనాల్డ్ రాస్ తేల్చింది 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో. మలేరియాకు నేడు ప్రపంచం నమ్ముకున్న ఆర్టెమిసినిన్ మందు వచ్చింది మాత్రం చైనా పొలాల గట్ల మీద పెరిగే ఈ మొక్క నుంచి. వియత్నాం యుద్ధకాలంలో సైనికులు మలేరియాతో పడిపోతుంటే, చైనా ప్రభుత్వం 1967 మే 23న ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. అందులో చేరిన తు యూయూ అనే శాస్త్రవేత్త బృందం పాత గ్రంథాలను వెతికి, ఎన్నో మూలికల సారాలను ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ ఒకసారి పనిచేసినట్టు, ఒకసారి చేయనట్టు కనిపించింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ రాతల్లో ఆమెకు ఒక వాక్యం దొరికింది: గుప్పెడు చింగ్‌హావ్‌ను రెండు కొలతల నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం మొత్తం తాగాలి. కాచమని అందులో లేదు. మరిగిస్తే పనిచేసే పదార్థం పాడైపోతున్నదేమోనని ఆమెకు తట్టి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారాన్ని తీయించింది. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిములను పూర్తిగా అణచివేసింది. మరుసటి ఏడాది రోగులకు ఇవ్వడానికి ముందు ఆమె, తోటివారు తామే వేసుకుని చూశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన్యం ప్రాంతాల్లో ఫాల్సిపారం మలేరియాకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే మాత్రల పొట్లంలో ఉన్నది ఈ మొక్క సంతానమే.

ఈ కథను సంప్రదాయానికి దక్కిన విజయమని కొందరు, ఆధునిక రసాయనశాస్త్ర విజయమని కొందరు పంచుకుంటారు. గే హాంగ్ వాక్యం లేకపోతే దారి దొరికేది కాదు. ఈథర్, ఎలుకలు, 190 విఫల ప్రయత్నాలు లేకపోతే ఆ వాక్యం వాక్యంగానే మిగిలేది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇంటి పెరట్లో ఈ మొక్కను పెంచి టీ కాచుకుని మలేరియాను తగ్గించుకోవచ్చని అంతర్జాలంలో ప్రచారం ఉంది. మోతాదు చాలక క్రిములు చావకుండా మందుకు అలవాటు పడతాయి కనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సమర్థించదు.

శుద్ధి ఎంత ముఖ్యమో చూపేది ఫూజీ. ఇది వత్సనాభి జాతి దుంప. పచ్చిగా తింటే గుండె లయ తప్పి మనిషి చనిపోతాడు. ఉప్పునీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి, చివరికి కషాయంలో కూడా మిగతావాటికంటే ముందుగా గంటకు తక్కువ కాకుండా మరిగిస్తేనే దానిలోని అకోనిటిన్ విరిగి విషం తగ్గుతుంది. మన ఆయుర్వేదం వత్సనాభి దుంపను గోమూత్రంలోనో పాలలోనో శోధించమంటుంది. తొందరపడి పదిహేను నిమిషాలు కాచి తాగినవారు ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో చాలానే ఉన్నాయి.

మూలికను పోల్చుకోవడంలో తప్పు జరిగితే ఏమవుతుందో బెల్జియంలో తెలిసింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే వైద్యం చేయించుకున్న స్త్రీలకు ఇచ్చిన మాత్రల్లో ఫాంగ్‌జీ అనే చైనా వేరు ఉండవలసింది. ఆ పేరుతో అంగట్లో రెండు వేర్లు తిరుగుతాయి. ఒకటి స్టెఫానియా, మరొకటి అరిస్టోలోకియా. మాత్రల్లో పడింది రెండోది. వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అనేకులకు డయాలసిస్, మూత్రపిండ మార్పిడి తప్పలేదు. తరువాతి ఏళ్లలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ తేలింది. అరిస్టోలోకిక్ ఆమ్లం డీఎన్ఏకు అతుక్కుని దానిని చెడగొడుతుందని, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఇప్పుడు సందేహం లేకుండా రుజువైంది. చైనా 2003, 2004 సంవత్సరాల్లో అలాంటి కొన్ని మూలికల వాడకాన్ని రద్దు చేసింది. తైవాన్ కూడా 2003లో నిషేధించింది. దీర్ఘకాలం తక్కువ మోతాదులో తీసుకున్నా నష్టం జరుగుతుంది కనుక, ఏళ్ల తరబడి వాడినవారెవరికీ ఏమీ కాలేదన్న వాదన ఇక్కడ చెల్లదు. మూత్రపిండం నిశ్శబ్దంగా పాడవుతుంది. పదేళ్ల కిందటి కషాయాన్ని ఎవరూ తలచుకోరు. తెలుగునాట పాముకాటుకు విరుగుడని పేరుపొందిన ఈశ్వరి వేరు ఇదే అరిస్టోలోకియా కుటుంబానిది. దానిని కడుపులోకి తీసుకునే అలవాటు ఎక్కడ ఉన్నా మానుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

సింగపూర్‌లో దీనికి భిన్నమైన చిక్కు వచ్చింది. విరేచనాలకు, నోటిపూతకు వాడే హ్వాంగ్‌లియెన్ అనే పసుపుపచ్చని చేదు వేరులో బెర్బరిన్ ఉంటుంది. మన మానుపసుపులోనూ ఉన్నది అదే. ఇక్కడ ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టే పిల్లలు తక్కువేమీ కాదు. పసికందులకు, బాలింతలకు ఈ వేరు ఇవ్వడం వల్ల పచ్చకామెర్లు ముదురుతున్నాయన్న భయంతో 1978లో దీనిని నిషేధించారు. లోపం ఉన్న పిల్లలను పుట్టగానే పరీక్షతో గుర్తించే ఏర్పాటు గట్టిపడ్డాక, 2010 తరువాత దశలవారీగా నిషేధాన్ని ఎత్తివేశారు. మందుకు హానికరమని ముద్రవేసి వదిలేయకుండా, ఎవరికి హాని అని తేల్చుకున్న ఈ పద్ధతి నాకు నచ్చింది.

జంతువుల నుంచి తీసే మందుల విషయంలో నాకు ఓపిక తక్కువ. పులి ఎముక, ఖడ్గమృగం కొమ్ము వాడకాన్ని చైనా 1993లో నిషేధించింది. అలుగు పొలుసును 2020లో తన ఔషధ గ్రంథం నుంచి తొలగించింది. గాడిద చర్మాన్ని ఉడికించి తీసే, రక్తహీనతకు వాడే ఎజావ్ అనే జిగురుకు మాత్రం గిరాకీ పెరుగుతూనే ఉంది. దానికోసం ఆఫ్రికా గాడిదలు తరిగిపోతుండటంతో 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్య చర్మాల కోసం గాడిదలను చంపడాన్ని నిషేధించింది. రక్తహీనతకు ఇనుము మాత్ర పైసల్లో దొరుకుతుంటే, ఒక పేదవాడి బండి లాగే జంతువును చంపి జిగురు కాయడాన్ని ఏ వైద్యం పేరుతోనూ నేను సమర్థించలేను.

చివరగా మనవాళ్లు గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి పెట్టె నిండా తెచ్చే సరుకు. పులి బొమ్మ బామ్ పుట్టింది అప్పట్లో తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్న రంగూన్‌లో, ఆ తరువాతే సింగపూర్ చేరింది. గొడ్డలి బొమ్మ ఉన్న నూనె 1928 నుంచి సింగపూర్‌లోనే తయారవుతోంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంతో పెరిగిన మనకు ఈ వాసనలు కొత్త కావు. కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, మిథైల్ శాలిసిలేట్ వంటివే వీటన్నిటి ముడిసరుకు; తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు తాత్కాలిక ఉపశమనం నిజమే. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద రాయకూడదు. వింటర్‌గ్రీన్ నూనె అంటే దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే; శుద్ధమైన ఆ నూనె ఒక టీస్పూనులో ఉండే శాలిసిలేట్ సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం కనుక, నూనె సీసాను పిల్లలకు అందే ఎత్తులో ఉంచకూడదు. కీళ్లనొప్పులకు రామబాణమని పేరులేని డబ్బాల్లో వచ్చే మూలికా మాత్రలను అసలే ముట్టుకోకండి. అలాంటివాటిలో డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ కలిసి ఉన్నట్టు ఇక్కడి నియంత్రణ సంస్థ పరీక్షల్లో పదే పదే తేలింది. రెండు రోజుల్లో నొప్పి మాయమై, రెండు నెలల్లో ముఖం చంద్రబింబంలా ఉబ్బితే కారణం మూలిక కాదు. ఇక వార్ఫరిన్ వేసుకునే పెద్దవాళ్లు మోకాళ్లకు రోజూ దండిగా బామ్ రాస్తుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. అందులోని శాలిసిలేట్ చర్మం గుండా రక్తంలోకి చేరి, మాత్ర ప్రభావాన్ని పెంచిన సందర్భాలు ఉన్నాయి.